పలకని బోర్డుకు మూడు తీగలు

కింద మిఠాయి దుకాణం, పైన మా సర్వీసు సెంటర్. చిక్కడపల్లిలో ఆ మేడ మీద కంప్యూటర్ బోర్డులు బాగుచేస్తూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రిటైరైన రోజు ఎవరో మైకు నా చేతికిచ్చి, "మీరు మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఈ రోజుల్లో బెంచీ ముందు కూర్చునే పిల్లలు చదివితే సంతోషం, చదవకపోయినా చెప్పుకున్న తృప్తి నాకు మిగులుతుంది.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మేమేం చేయలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అని కస్టమర్ అన్నాడంటే చాలు, నా గొంతు కింద మిఠాయి దుకాణం దాకా వినిపించేది. ఎవరూ ఏమీ చేయకుండా యంత్రం ఊరికే ఆగదని నా నమ్మకం. అయినా సెంటర్లో అందరూ నన్ను అక్కా అనే పిలిచేవారు. నీళ్ల క్యాన్లు మోసుకొచ్చే పెద్దాయన నాకంటే వయసులో చాలా పెద్ద, ఆయనకూ నేను అక్కనే. మొదట్లో చిరాకు పడ్డాను గానీ తర్వాత అలవాటైపోయింది.

నా పక్క బెంచీ మీద పనిచేసే అతను నాకంటే కొంచెం చిన్నవాడు. సొంత తమ్ముడు కాకపోయినా, ఏళ్ల తరబడి ఒకరి డబ్బాలో కూర ఇంకొకరం తిన్నాం కాబట్టి తమ్ముడనే అంటాను. ఇద్దరిదీ ఒకే పని, దారులు మాత్రం వేరు. అతనిది మార్చి చూసే పద్ధతి. బోర్డు స్టార్ట్ కాకపోతే మెమరీ మార్చి చూస్తాడు, పవర్ సప్లై మార్చి చూస్తాడు, అప్పటికీ లేవకపోతే "బోర్డు పోయింది" అని తేల్చేస్తాడు. నిజం చెప్పాలంటే ఎక్కువసార్లు అతనే నెగ్గేవాడు.

నాది అడిగి చూసే పద్ధతి. పెద్ద ఆఫీసుల్లో వాడే సర్వర్ బోర్డుల మీద ఒక మూల చిన్న చిన్న పిన్నులుంటాయి. కరెంటు అందిన క్షణం నుంచి బోర్డు తను చేస్తున్న పనులన్నీ ఆ పిన్నుల దగ్గర చెప్పుకుంటూ పోతుంది. ప్రాసెసర్ లేచిందనీ, మెమరీని వెతుకుతున్నాననీ, దొరికిందనీ. స్క్రీన్ చీకటిగా ఉన్నా అక్కడ మాత్రం మాట వస్తూనే ఉంటుంది. ఆ మాట వినడానికి ఒక సీరియల్ కేబుల్ కావాలి, అవతలి కొసన ఇంకో కంప్యూటర్ కావాలి. కేబుల్లో ఉండేవి మూడే తీగలు. ఒకటి మన మాట పోవడానికి, ఒకటి దాని మాట రావడానికి, మూడోది ఇద్దరికీ ఉమ్మడి ఎర్త్. నా కేబుల్ నేనే తయారు చేసుకున్నాను, పాడైపోయిన మౌసు తీగ కోసి. మా తమ్ముడు దానికి ఎలుక తోక అని పేరు పెట్టాడు. ఆ తోక పట్టుకుని నేను గంటలు గంటలు కూర్చుంటానని సెంటర్లో పెద్ద వేళాకోళం.

ఒక ఏడాది దసరా వెళ్లిన మూడో నాడు పొద్దున్నే ఇద్దరు ఆటో దిగి, బరువైన సర్వర్ ఒకటి మేడ మీదికి మోయించుకొచ్చారు. ఒకామె రిటైరైన టీచరమ్మ. వాళ్లది గుంటూరు వైపు, హైదరాబాదులో స్థిరపడి రెండు తరాలైంది. అశోక్‌నగర్ హాస్టళ్ల మధ్య తన ఇంట్లోనే, పోటీ పరీక్షలకు చదివే చూపులేని పిల్లల కోసం ఒక గది నడుపుతోంది. గాంధీనగర్, నారాయణగూడల నుంచి తీరిక ఉన్నవాళ్లు వచ్చి పుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తే, పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ చదువుకుంటారు. ఆ రికార్డులన్నీ ఉన్నది ఈ సర్వర్లోనే. ఏదో ఆఫీసు వాళ్లు కొత్తది కొనుక్కుని పాతది వీళ్లకిచ్చారు.

ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచొచ్చింది రెండో మనిషి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, పాతికేళ్లుంటాయి. ఆ గదిలో చదివే పిల్లల్లో ఒకతె. ఆదివారం ఆమెకు పరీక్ష. ఆ రోజు మంగళవారం.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదమ్మా, దానంతటదే ఆగిపోయింది" అంది టీచరమ్మ.

నా ముక్కు మీద ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఆమె వయసు చూసి గొంతు తగ్గించుకున్నాను. "ఆగిపోకముందు ఏం చేశారండీ?"

"మేమేం చేస్తాం? ఆయుధపూజకని ఆపాం. పూజ చేసుకున్నాం. మర్నాడు స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతోంది గానీ మనిషి లేవలేదు."

పూజ అన్న మాట నేను విని వదిలేశాను. దసరా తర్వాత మా దగ్గరికి బొట్టు లేకుండా వచ్చిన మెషీన్ ఉంటేగా. అంతెందుకు, మా సెంటర్లో ఆ రోజుకీ సోల్డరింగ్ ఐరన్ మెడలో వాడిపోయిన బంతిపూల దండ వేలాడుతోంది, నా మల్టీమీటర్ నుదుట కుంకుమ ఉంది. ఈ సర్వర్ పైన మాత్రం బొట్టు కనపడలేదు. వెనక వైపు ప్రతి సాకెట్ పక్కన లావుపాటి స్టిక్కర్ బొట్లు అంటించి ఉన్నాయి. ఏది ఎక్కడుందో పిల్లలు వేలితో తడిమి తెలుసుకోవడానికి. మూత తీస్తే లోపల ఫ్యాను కవరు మీద ఎండిపోయిన గంధం, కుంకుమ కనిపించాయి. మా తమ్ముడు దాన్ని గుడ్డతో భక్తిగా తుడిచి, వేళ్లు కళ్లకద్దుకుని పనిలో పడ్డాడు.

"రికార్డులకి కాపీ పెట్టుకున్నారా?" అని అడిగాను.

"ఎందుకు పెట్టుకోమమ్మా! అంత అజాగ్రత్త మనుషులం కాదు. కాపీ ఉంది."

"ఎక్కడుంది?"

"ఇందులోనే. వేరే ఫోల్డర్లో."

మా తమ్ముడు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగి మెట్రో పిల్లరును చూస్తూ నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు. డిస్కులు ఊడదీసి వేరే మెషీన్‌కి తగిలించి చూశాం. రెండు డిస్కుల్నీ కలిపి ఒకటిగా చదివే ఏర్పాటు ఆ బోర్డులోనే ఉంది. వేరే చోట పెడితే రెండూ ఖాళీ అన్నట్టే చూపిస్తున్నాయి. సరిగ్గా అలాంటి బోర్డే ఇంకోటి తెప్పించాలంటే వారం పైన పడుతుంది. అంటే ఆ బోర్డు లేస్తేనే రికార్డులు.

టీచరమ్మ పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది. "మేడమ్, పుస్తకాలైతే ఎవలనన్న అడుక్కుంటగాని, నా నోట్సు వస్తదా?"

"నోట్సు ఏంటమ్మా?"

"అందరు నోటుబుక్కులల్ల రాసుకుంటరు గదా. నేను చదివింది నా మాటలల్ల చెప్పుకొని రికార్డు చేసుకున్న. రెండేండ్ల సంది. ఈ నాలుగు దినాలు గదే వినాలె. పుస్తకం మొత్తం మల్ల వినేంత టైం యాడుంది?"

టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. ఈసారి ఉద్యోగం రాకపోతే చదువు చాలించి ఊరికి వచ్చెయ్యమని వాళ్ల నాన్న చెప్పేశాడట. ఆ మాట విన్నాక నాకు ఆ రోజు ఇంకో పని ముట్టుకోబుద్ధి కాలేదు.

తమ్ముడు తన పద్ధతిలో తను మార్చాడు. పవర్ సప్లై మార్చాడు, మెమరీ కడ్డీలు తీసి కొత్తవి పెట్టాడు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. బోర్డు పోయింది అని ఆ అమ్మాయి వినేలా అనడం అతనికీ ఇష్టం లేదు.

"ఎలుక తోక తియ్యి అక్కా" అన్నాడు. అతనంతట అతను ఆ మాట అనడం అదే మొదటిసారి.

కేబుల్ తగిలించే ముందు ఆ పిన్నుల దగ్గర వోల్టేజీ ఎంతుందో చూసుకున్నాను. పిల్లలూ, నేను చెప్పినవన్నీ మరిచిపోయినా ఇది మరవకండి. కొన్ని కేబుళ్లు పెద్ద వోల్టేజీవి, కొన్ని చిన్నవి. చూసుకోకుండా తగిలిస్తే, అలిగి మాట్లాడని బోర్డు ఇక ఎప్పటికీ మాట్లాడదు. అంతా సరిగ్గానే ఉంది. తీరా ఇవతలి కొసన మా బెంచీ కంప్యూటర్‌కి పెడితే, అది నా కేబుల్‌ని గుర్తుపట్టనని మొండికేసింది. సెంటర్లో ఉన్న ఒక్క లాప్‌టాప్ హైదర్‌గూడలో ఏదో ఆఫీసుకి పనిమీద వెళ్లింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనని విసుక్కుంటూ లేచాను.

"నా లాప్‌టాప్ ఉన్నది మేడమ్" అంది అమ్మాయి, సంచిలోంచి తీస్తూ.

తెరిచి చూశాను. నల్లగా ఉంది. పవర్ బటన్ నొక్కాను, మళ్లీ నొక్కాను. ఇదీ పోయిందా భగవంతుడా అని పైకే అన్నాను.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "పోలేదు మేడమ్. మంచిగనే నడుస్తున్నది. నాకెందుకని స్క్రీన్ లైటు బంద్ పెట్టిన. బ్యాటరీ ఎక్కువ సేపొస్తది."

అంతసేపు బిగదీసుకుని ఉన్న గది ఆ నవ్వుతో తేలికపడింది. తమ్ముడైతే ఇక ఆపుకోలేదు, నడుస్తున్న లాప్‌టాప్‌ను చంపేసిన డాక్టరమ్మ అంటూ నన్ను ఆడుకున్నాడు. అమ్మాయి లైటు పెంచి, నేనిచ్చిన సాఫ్ట్‌వేర్‌ను మౌసు ముట్టకుండా తనే ఎక్కించుకుంది. స్క్రీన్ మీద ఏ అక్షరం వచ్చినా ఆ లాప్‌టాప్ పైకి చదువుతుంది. అది చదివే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమెకు మాత్రం అది మామూలు మాట.

సర్వర్ ఆన్ చేశాం. లాప్‌టాప్ పలకలేదు. ఆఫ్ చేసి ఆన్ చేశాం, నిశ్శబ్దం. తీగలు చూసుకుంటే తప్పు నాదే. ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలపాలి కదా. నేను నోటికి నోరు, చెవికి చెవి కలిపి కూర్చున్నాను. ఇన్నేళ్ల అనుభవం ఉండీ ఆ తప్పు ప్రతిసారీ చేసేదాన్ని. తీగలు అటూ ఇటూ మార్చి మళ్లీ ఆన్ చేశాను.

"క్వశ్చన్ డాలర్ స్టార్ క్వశ్చన్ హ్యాష్ క్వశ్చన్ క్వశ్చన్ స్టార్..." లాప్‌టాప్ ఊపిరి తీసుకోకుండా అందుకుంది.

టీచరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏంటమ్మా, ఏమంటోంది?"

"అక్కా, దీనికి పూనకమొచ్చింది. కొబ్బరికాయ తేవాల్నా?" అన్నాడు తమ్ముడు.

నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది. పిల్లలూ, సీరియల్ కేబుల్లో చెత్త వచ్చిందంటే అది పండగే. బోర్డు మాట్లాడుతోంది, మన చెవి వేగం దాని నోటి వేగంతో కలవలేదు, అంతే. అసలు చచ్చిన బోర్డు చెత్త కూడా మాట్లాడదు. వేగం మార్చాను, ఇంకో రకం చెత్త. మళ్లీ మార్చాను. ఈసారి అమ్మాయి రెండు చేతులూ గాలిలోకెత్తింది.

"మాటలు! మాటలొస్తున్నయ్ అక్కా!"

మేడమ్ పోయి అక్క వచ్చిందని నేను అప్పుడు గమనించలేదు. అక్షరాలు స్క్రీన్ మీద శుభ్రంగా దిగుతున్నాయి. ప్రాసెసర్ బాగుంది, గడియారం బాగుంది, మెమరీ వెతుకుతున్నాను, మొదటి స్లాట్లో మెమరీ జవాబివ్వడం లేదు. అక్కడ ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదట్నుంచి అందుకుంటోంది. అలా ఎన్నిసార్లు విన్నా అదే కథ. తమ్ముడు మెమరీ కడ్డీని వేళ్లతో పట్టుకుని చూసి "వేడిగ లేదు" అన్నాడు. అతని మొహంలో మళ్లీ పాత తీర్పు కనిపించింది.

"మెమరీ అంటున్నది అక్కా. మెమరీ నేను మార్చిన గదా. కొత్తది పెట్టినా గదే ఏడుపు. అంటే కడ్డీల తప్పు లేదు, దాన్ని సూసే చిప్పుకాడ టంకం ఊడింది. హీట్ కొడదాం."

హీట్ కొట్టడమంటే చిప్పు మీద వేడిగాలి పట్టించి, కింద విడిపోయిన టంకాన్ని మళ్లీ కరిగించి అతికించడం. కొన్ని లేస్తాయి. కొన్ని అక్కడితో సరి. అతను చెప్పిందాంట్లో తర్కం ఉంది. టీచరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. పోతే మొత్తం పోవచ్చని కూడా చెప్పాను. ఆమె అమ్మాయి చెయ్యి పట్టుకుని, "నీదే ఎక్కువ ఉంది తల్లీ ఇందులో. నువ్వే చెప్పు" అంది.

ఆమె జవాబు చెప్పేలోగా వేడెక్కుతుందని తమ్ముడు వేడిగాలి మెషీన్ స్విచ్ వేశాడు. అది బుస్సుమంది.

"జర ఆగుండ్రి" అంది అమ్మాయి. "అన్నా, అది బంద్ చెయ్యి. సప్పుడుకు ఇనవడ్తలేదు."

ఆపాడు.

"ఇందాక ఒక్కసారి ఎక్కువ మాట్లాడింది."

"ఏది ఎక్కువ మాట్లాడింది?" అన్నాను.

"బోర్డు. ప్రతిసారి ఆగేకాడ ఆగలే. ఇంకో రెండు మాటలు చెప్పి ఆగింది. ఎప్పుడంటే, అన్న 'వేడిగ లేదు' అన్నడు సూడు, గప్పుడు."

నేనూ తమ్ముడూ మొహాలు చూసుకున్నాం. ఆ సమయానికి ఇద్దరం స్క్రీన్ వదిలి మెమరీ కడ్డీ వైపు చూస్తున్నాం. తమ్ముడు వెళ్లి, కడ్డీ మీద బొటనవేలు పెట్టి మెత్తగా కిందికి నొక్కాడు. లాప్‌టాప్ గబగబా చదవడం మొదలుపెట్టింది. ఆగే చోటు వచ్చింది. అది ఆగలేదు.

"మొదటిది మంచిగున్నదంటున్నది. రెండోది సూస్తున్నదట. రెండోది కూడా మంచిదే. అక్కా, పోతున్నది, ముందుకు పోతున్నది!" అమ్మాయి మాకు వార్తలు చదువుతున్నట్టు చెబుతోంది.

తమ్ముడు వేలు తీశాడు. ఆగిపోయింది. ఆఫ్ చేసి ఆన్ చేసి, మళ్లీ నొక్కాడు. సాగింది. చిప్పూ కాదు, టంకమూ కాదు, కడ్డీకీ స్లాటుకీ మధ్య ఏదో అడ్డం ఉంది. కడ్డీ పీకి, స్లాటు మీద టార్చి వేసి అడ్డంగా వంగి చూశాను. లోతుగా, సన్నటి రాగి పళ్ల మధ్య గులాబీరంగు పెచ్చు ఒకటి గట్టిపడి ఉంది. అంత దగ్గరగా వంగేసరికి వాసన తగిలింది.

"టీచరుగారూ, ఇక్కడ గంధం వాసన వస్తోందేంటండీ?"

ఆమె కళ్లజోడు సర్దుకుంది. మొహం మెల్లమెల్లగా మారిపోయింది. "అయ్యో రామా! బొట్టు పైన పెడితే పిల్లల వేళ్లకు అంటుకుంటుందమ్మా. వాళ్లు అంతా తడిమి చూసుకోవాలి కదా. స్టిక్కర్లు కూడా తడిసి ఊడిపోతాయని, మూత తీయించి లోపల పెట్టాను. ఫ్యానుకి పెట్టాను. పక్కన వరసగా నిలబడి ఉన్నాయి చూడు, ఆ కడ్డీలు, వాటికీ తలా ఒక బొట్టు పెట్టాను. గంధం కాస్త పల్చగా కలిపినట్టున్నాను."

ఆ పల్చటి గంధం, దాంతోపాటు కుంకుమ, కడ్డీ వెంట కిందికి జారి స్లాటులో గడ్డకట్టింది. తమ్ముడు కడ్డీలు మార్చినప్పుడు పాత కడ్డీకి అంటింది పాతదానితో పోయింది, స్లాటులోది అక్కడే ఉండిపోయింది. ఫ్యాను కవరు మీద బొట్టు తుడిచి కళ్లకద్దుకున్నవాళ్లం మేమే. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం. నాకు కోపం రావలసిన సమయం అది. రాలేదు. ఆ పిల్లల వేళ్ల కోసం ఆలోచించి చేసిన పని మీద ఎవరికైనా కోపం ఎలా వస్తుంది? ముందు అమ్మాయి నవ్వింది, ఆ తర్వాత తమ్ముడు, ఆ తర్వాత నేను. టీచరమ్మ ఒక్కతే "నవ్వకండర్రా, నా ప్రాణం పోతోంది" అంటూ తనూ నవ్వడం మొదలుపెట్టింది.

స్పిరిట్ చుక్కలు వేసి, మెత్తటి బ్రష్షుతో ఒక్కొక్క పన్నూ తోమాను. ఇంట్లో దేవుడి సామాన్లు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ తోమలేదు. మిగిలిన స్లాట్లలోనూ అక్కడక్కడా గంధం తగిలింది, అదీ తీశాను. టేబుల్ ఫ్యాను కింద పెట్టి ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తమ్ముడు ఈలోగా కిందికి వెళ్లి మిర్చిబజ్జీలు, చాయ్ పట్టుకొచ్చాడు. ఎవరూ తినలేదు.

కడ్డీలు పెట్టాం. స్విచ్ నేను వెయ్యలేదు, అమ్మాయి వేలు పట్టుకుని స్విచ్ మీద పెట్టాను. లాప్‌టాప్ చదువుకుంటూ పోయింది. ఒకటో స్లాట్, రెండో స్లాట్, అన్నీ బాగున్నాయి. డిస్కులు రెండూ దొరికాయి. ఆ తర్వాత, సర్వర్‌కి తగిలించి పెట్టిన మా బెంచీ స్క్రీన్ వెలిగింది. వెలిగిందని నేను చెప్పేలోపే అమ్మాయికి తెలిసిపోయింది, ఎందుకంటే టీచరమ్మ ఆమెను గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది.

"నోట్సు ఉందో లేదో సూడుండ్రి అక్కా. ఫస్టు అది."

స్పీకరు తగిలించి, ఆమె పేరున్న ఫోల్డర్లో చేతికందిన ఫైలు నొక్కాను. ఆమె గొంతే, గంభీరంగా. "ప్రాథమిక హక్కులు. ఒకటి, సమానత్వ హక్కు. రెండు, స్వేచ్ఛా హక్కు. మూడు..." వెనకాల కుక్కర్ విజిల్ వేసింది. ఇంకెవరో అమ్మాయి గొంతు చించుకుని అరిచింది. "ఏయ్, నల్లా నీళ్లొచ్చినయ్, బకెట్ పట్టుకరా!" రికార్డులోని గొంతు తడుముకోకుండా "వస్తున్న, మూడోది చెప్పి వస్తున్న. మూడు, దోపిడీని నిరోధించే హక్కు" అంది.

ఆ రోజు మేడ మీద నవ్విన నవ్వు నా జన్మలో ఇంకెప్పుడూ నవ్వలేదు. కింద మిఠాయి దుకాణం వాళ్లు ఏం జరిగిందోనని పైకి వచ్చి చూసి, మమ్మల్ని చూసి వాళ్లూ నవ్వి వెళ్లారు. చల్లారిపోయిన బజ్జీలు తిన్నాం, చాయ్ మళ్లీ తెప్పించుకున్నాం. సర్వర్ అప్పగించే ముందు రికార్డులన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి టీచరమ్మ చేతిలో పెట్టాను. "కాపీ అంటే ఇది. ఇది ఇంకో ఇంట్లో ఉండాలి, ఈ సర్వర్ పక్కన కనపడిందంటే నేనే వచ్చి పట్టుకుపోతాను" అని బెదిరించాను. ఆమె బుద్ధిగా తలూపింది.

తర్వాతి దసరాకు మా సెంటర్లో మెషీన్లన్నిటికీ మూతల మీదే బొట్లు పడ్డాయి. మా తమ్ముడు మాత్రం పూజకు ముందే నా బెంచీ దగ్గరికొచ్చి, ఎలుక తోకకు కుంకుమ పెట్టి, "మొదటి బొట్టు దీనికే" అన్నాడు. కొస ప్లగ్గుకి తగలకుండా చాలా జాగ్రత్తగా పెట్టాడు. నేను రిటైరైనప్పుడు సెంటర్ వాళ్లు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. కేబుల్ మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను.

ఆ అమ్మాయి పరీక్ష రాసింది. "మంచిగనే రాసిన అక్కా" అని ఆ ఆదివారం సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. తర్వాత కూడా అప్పుడప్పుడూ చేసేది. రిజల్ట్ సంగతి నేనెప్పుడూ అడగలేదు. అశోక్‌నగర్ చుట్టుపక్కల బతికినవాళ్లకు ఆ మర్యాద తెలుసు. పరీక్షకంటే రిజల్ట్ కోసం ఎదురుచూపే పెద్దది అక్కడ. ఒకటి వాయిదా పడుతుంది, ఇంకొకటి కోర్టుకెక్కుతుంది, వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి గానీ మనం అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. అడగకపోయినా మనసులో మాత్రం ఉండేది. చిక్కడపల్లి లైబ్రరీ ముందు నుంచి వెళ్తూ, మెట్ల మీద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లల్ని చూసినప్పుడల్లా ఆ కుక్కర్ విజిల్ గుర్తొచ్చేది.

మొన్న దసరా వెళ్లాక ఒక పొద్దున ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వంటింట్లో పోపు పెడుతున్నాను.

"అక్కా, జర పరేషాన్ల ఉన్న. ఒక కంప్యూటర్ లేస్తలేదు. ఫ్యాను తిరుగుతున్నది, స్క్రీన్ వస్తలేదు. అందరు బోర్డు పోయిందంటున్నరు."

"టీచరమ్మ మళ్లీ గంధం పెట్టిందా ఏంటి?" అన్నాను పొయ్యి ఆపుతూ.

"ఈడ టీచరమ్మ యాడిది అక్కా? నేను గదే అడిగిన, మొన్న పూజకు బొట్టు యాడ పెట్టిండ్రని. అందరు సప్పుడు జెయ్యకుండ నిలవడ్డరు. ఎవలో మూత తీసి లోపల పెట్టిండ్రట. మా ఆఫీసులోళ్లు కూడా గట్లనే ఉన్నరు."

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. "ఎవరి ఆఫీసు?"

"మా ఆఫీసే అక్కా." అవతల నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. "జాయినై వారమైంది. నాన్న వచ్చి దింపి పోయిండు. నీకు ఎట్ల చెప్పాల్నా అని సూస్తున్న, ఇంతల ఈ కంప్యూటర్ పడుకున్నది. ఇగ మంచి సాకు దొరికిందనుకున్న."

నాకు కళ్లు మసకబారాయి. గరిటె పక్కన పెట్టి కొంగుతో తుడుచుకున్నాను. 

"చెప్పక్కా, దీన్ని ఏం జెయ్యమంటవ్? స్పిరిట్ తెప్పియ్యాల్నా? నీ కేబుల్ పట్టుకొని వస్తవా?"

బోర్డు లేవడం లేదంటే అన్నం కంచం వదిలి లేచిపోయిన మనిషిని నేను. ఆ రోజు మాత్రం ముక్కాలిపీట లాక్కుని వంటింట్లోనే కూర్చున్నాను.

"దాన్ని కాసేపు పడుకోనివ్వు" అన్నాను. "ముందు నీ ఉద్యోగం సంగతి చెప్పు. మొదట్నుంచి, మెల్లగా, ఒక్క మాట వదలకుండా."